సోడా మిషను వారి అమ్మాయి జవాబులు

పోయిన నెల మజ్జిగ మీద రాశాను. చివర్లో మాటవరసకి నిమ్మకాయ నీళ్ళ ఊసు ఎత్తితే, మజ్జిగని గాలికొదిలేసి అందరూ నిమ్మకాయ మీదే పడ్డారు. కానివ్వండి. కొత్తగా చదివేవాళ్ళ కోసం ఒక ముక్క: నేను గుంటూరులో ఆడపిల్లల కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. అంతకు ముందు, అంటే పుట్టిన దగ్గర్నుంచీ, బెజవాడ వన్‌టౌన్‌లో సోడా మిషను వారి అమ్మాయిని. ఈ శీర్షికకి ఆ రెండో అర్హతే ఎక్కువ పనికొస్తోంది.

ప్రశ్న: టీచరు గారూ, డల్లాస్‌లో మా మనవరాలు సెలవుల్లో ఇంటి ముందు బల్ల వేసుకుని లెమనేడ్ అమ్మిందని వీడియో పంపారు. ఆ కాయలు పసుప్పచ్చగా, కోడిగుడ్డంతేసి ఉన్నాయి. అవి మన నిమ్మకాయలేనా? ఈ లెమనేడ్ అమెరికా వాళ్ళు కనిపెట్టిందేనా?
– ఒక నాయనమ్మ, పటమట

జవాబు: కాయ వేరండీ. వాళ్ళ లెమన్ మాదీఫలానికీ (దళసరి తొక్క ఉండే పెద్ద నిమ్మజాతి కాయ) పుల్ల నారింజకీ పుట్టిన సంకరం. మన నిమ్మ మాదీఫలానికీ, ఆగ్నేయాసియా అడవుల్లో కాసే ఒక చిన్న నిమ్మజాతికీ పుట్టింది. పుప్పొడి ఇచ్చింది రెండింటికీ మాదీఫలమేనని జన్యు పరీక్షల్లో తేలింది. అంటే తండ్రి ఒకడే, తల్లులు వేరు.

అమెరికా వాళ్ళు కనిపెట్టింది మాత్రం కాదు. నీళ్ళల్లో పులుపు పిండుకు తాగడం ఎండ కాసే ప్రతి చోటా ఉన్నదే. దాన్ని సీసాకెత్తి అమ్మిన పాత పద్దులు ఈజిప్టులో దొరికాయి. పాత కైరోలో బెన్ ఎజ్రా అని యూదుల ప్రార్థనాలయం ఉంది. దేవుడి పేరు రాసిన కాగితం పారేయకూడదని వాళ్ళ నియమం. ఎందుకొచ్చిన గొడవని ఉత్తరాలు, రసీదులు, వ్యాపారం లెక్కలు కూడా తీసుకెళ్ళి ఒక గదిలో పడేస్తూ వచ్చారు. 1890ల్లో ఆ గుట్టలో చాలా భాగం కేంబ్రిడ్జి చేరింది. పదో శతాబ్దం నుంచి పదమూడో శతాబ్దం దాకా నడిచిన ఆ కాగితాల్లో ‘కతర్మిజాత్’ అనే సరుకు ఉంది. నిమ్మరసంలో దండిగా పంచదార పోసి సీసాల్లో నింపినది. ఊళ్ళో తాగేవారు, పైదేశాలకి ఎగుమతీ చేసేవారు. సుల్తాను సలాదీన్‌కి వైద్యుడైన ఇబ్న్ జుమయ్ ఆ కాలంలోనే నిమ్మ మీద ప్రత్యేకంగా ఒక గ్రంథం రాశాడు. ఆ పంచదార తీపి కోసమే అనుకునేరు. అంత చిక్కటి పాకంలో బూజు బతకదు. నిమ్మకాయ పిండటం ఎంత సులువో, పిండిన రసాన్ని నాలుగు రోజులు నిలబెట్టడం అంత కష్టం. లెమనేడ్ చరిత్రంతా ఆ తంటాయేనని నా లెక్క.

పారిస్‌లో 1676లో లెమనేడ్ అమ్మేవాళ్ళు ఒక సంఘంగా ఏర్పడి, అమ్ముకునే హక్కు తమకే రాయించుకున్నారు. వీపున డబ్బా తగిలించుకుని వీధులు తిరుగుతూ కప్పుల్లో పోసేవారు. లండన్‌లో రాబర్ట్ వైట్ అనే ఆయన 1845లో తోపుడుబండి మీద మొదలుపెట్టిన లెమనేడ్ ఇప్పటికీ ఆయన పేరుతోనే దొరుకుతోంది. అమెరికాలో దీనికి పెద్దరికం తెచ్చింది మద్యం మాన్పించే ఉద్యమం. 1877 నుంచి 1881 దాకా అధ్యక్షుడుగా ఉన్న హేస్ గారు, ఆయన భార్య లూసీ వైట్‌హౌస్‌లో మందు పోయనివ్వలేదు. ఆవిడకి ‘లెమనేడ్ లూసీ’ అని పేరు పడిపోయింది. మీ అబ్బాయి ఎప్పుడైనా లండన్ మారితే ముందే చెప్పి ఉంచండి, అక్కడ లెమనేడ్ అంటే తెల్లటి గ్యాసు డ్రింకు తెచ్చిపెడతారు. మనవరాలు మొహం చిట్లిస్తుంది.

ప్రశ్న: ఈ మధ్య పెళ్ళిళ్ళలో వెల్‌కమ్ డ్రింకు అని ఇచ్చే షర్బత్‌లో నిమ్మకాయ బదులు నిమ్మ ఉప్పు వేస్తున్నారు. కెమికల్ కదా మేడమ్, పిల్లలకి పట్టొచ్చా?
– ఒక గృహిణి, లక్ష్మీపురం, గుంటూరు

జవాబు: కెమికల్ కానిది ఈ లోకంలో ఏముందమ్మా! నిమ్మ ఉప్పు అంటే సిట్రిక్ ఆమ్లం. 1784లో స్వీడన్‌లో షీలే నిమ్మరసంలోంచే దీన్ని పలుకులుగా విడదీశాడు. మొదటి ప్రపంచ యుద్ధం దాకా ఈ వ్యాపారం ఇటలీ వాళ్ళ గుప్పిట్లో ఉండేది, సిసిలీ తోటల కాయలతో. 1917లో జేమ్స్ కరీ అనే అమెరికన్ ఆస్పర్జిల్లస్ నైగర్ అనే నల్లబూజు పంచదార తిని సిట్రిక్ ఆమ్లం వదులుతుందని, దాంతో కార్ఖానా నడపొచ్చని చూపించాడు. రెండేళ్ళలో ఫైజర్ కంపెనీ మొదలుపెట్టేసింది. మీ ఇంట్లో ఉల్లిపాయ పొట్టు మీద మసిలా కనపడేది కూడా ఈ బూజే. కాబట్టి ఇవాళ కిరాణా కొట్టు నిమ్మ ఉప్పుకి నిమ్మతోట మొహమే తెలీదు. చిటికెడు పడితే పిల్లలకేం కాదు. కానీ అందులో వాసన లేదు, విటమిన్ సీ లేదు, ఉత్త పులుపు. కల్యాణ మంటపానికి లక్షలు పోసి నిమ్మకాయ దగ్గర పీనాసితనం చూపిస్తే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది.

ప్రశ్న: గోలీ సోడా మన దేశంలో పుట్టిందని నా స్నేహితుడు, తెల్లవాడిదని నేను. వంద రూపాయలు పందెం కాశాం. మీరే తేల్చాలి.
– రిటైర్డ్ రైల్వే ఉద్యోగి, సత్యనారాయణపురం

జవాబు: వంద మీదే, వసూలు చేసుకోండి. ఆ సీసా హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషాయన 1872లో పేటెంటు చేసింది. నీళ్ళకి గ్యాసు పట్టించే విద్య అంతకు వందేళ్ళ ముందుది. జోసెఫ్ ప్రీస్ట్లీ 1767లో లీడ్స్‌లో ఒక బీరు బట్టీ పక్కన కాపురం ఉంటూ, పులుస్తున్న తొట్టి మీద కమ్ముకునే గాలిని నీళ్ళకి పట్టించాడు. జెనీవాలో గడియారాలు, నగల పని చేసుకునే జాకబ్ ష్వెప్ 1783లో దాన్ని అమ్మకం సరుకు చేశాడు. బిరడా ఎండితే గ్యాసు పోతుంది, తడిగా ఉంచుదామని సీసాని పడుకోబెడితే దుకాణంలో దొర్లుతుంది. ఆ అవస్థకి మందుగా ఎన్నో సీసాలు వచ్చాయి, వాటిలో కాడ్ గారి గోలీ నెగ్గింది.

ఇది పనిచేసే తీరు నేను చదివి చెప్పేది కాదు. సీసాలో నీళ్ళు పోస్తారు, గోలీ ఎటూ లోపలే ఉంటుంది. సీసాని తలకిందులుగా మిషనుకి బిగించి, గ్యాసు వాల్వు విప్పి, చక్రం తిప్పాలి. సీసా పల్టీలు కొడుతూ నీళ్ళు గ్యాసుని పీల్చుకుంటాయి. తలకిందులైనప్పుడు గోలీ తన బరువుకి జారి మూతి దగ్గర రబ్బరు వాషరు మీద కూర్చుంటుంది. ఇంక సీసాని నిలబెట్టినా పడదు, లోపలి గ్యాసే దాన్ని పైకి అదిమి పట్టి ఉంచుతుంది. మా నాన్నగారు కుడిచేతికి ముంజేతి దాకా గోనెపట్టా చుట్టుకుని చక్రం తిప్పేవారు. పాత సీసాకి కంటికి కనపడని బీట ఉంటే మిషన్లోనే పేలుతుంది, అదీ సంగతి. రబ్బరు అరిగిందో లేదో ఆయన చూసేవారు కాదు, వినేవారు. బొటనవేలితో గోలీని నొక్కినప్పుడు కీచుమని సన్నగా అరిస్తే మంచి సీసా. ఉస్సుమంటే వాషరు మార్చాలి, దాన్ని తీసి పక్క పెట్టెలో వేసేవారు.

తెల్లవారుజామున కొట్టిన సోడాకే ఘాటు అనేవారు ఆయన. అది చాదస్తం కాదని నాకు డిగ్రీలో తెలిసింది. ఒకే వత్తిడి దగ్గర, సున్నా డిగ్రీల నీళ్ళు పట్టే గ్యాసులో 40 డిగ్రీల నీళ్ళు మూడో వంతు కూడా పట్టవు. మే నెల మధ్యాహ్నం బెజవాడలో కుళాయి నీళ్ళతో సోడా కొట్టినవాడికి గ్యాసు డబ్బులు దండగ.

తాగేవాళ్ళకో చిట్కా. మెడ దగ్గర ఒక పక్క నొక్కులుంటాయి. ఆ పక్క కిందికి ఉండేలా సీసా వంచితే గోలీ వాటి వెనక చిక్కుకుని ధారకి అడ్డం రాదు. జపాన్‌లో ఇదే సీసా ‘రమునే’ పేరుతో ఈనాటికీ బతికుంది. 1884లో కోబే రేవులో అలెగ్జాండర్ కామెరాన్ సిమ్ అనే స్కాట్లండ్ మందుల వ్యాపారి నిమ్మ వాసన వేసి మొదలుపెట్టాడు. వేసవి జాతరల్లో పిల్లలు అదే తాగుతారు. మిగతా లోకంలో 1892లో వచ్చిన ఇనప మూత గోలీని మింగేసింది.

ప్రశ్న: మా ఆయనది అరండల్‌పేటలో షర్బత్ బండి. రెండు ఎండాకాలాలుగా వేళ్ళ సందుల్లో, మణికట్టు మీద నల్లటి మచ్చలు, పోయిన నెల బొబ్బలు కూడా లేచాయి. దిష్టి అంటున్నారు. నిజమేనా అమ్మా?
– గుంటూరు

జవాబు: దిష్టి కాదు తల్లీ, నిమ్మకాయే. తొక్క నూనెలోనూ రసంలోనూ ఫ్యూరోకౌమరిన్లు అనే పదార్థాలుంటాయి. అవి చర్మం మీద ఉండగా ఎండ తగిలితే, ఎండలోని అతినీలలోహిత కిరణాలతో కలిసి చర్మాన్ని కాల్చేస్తాయి. ఒకటి రెండు రోజులు ఆలస్యంగా ఎర్రబడి బొబ్బలు లేస్తాయి, అందుకే నిమ్మకాయ మీద ఎవరికీ అనుమానం రాదు. తర్వాత నల్లమచ్చ వారాలు, నెలలు ఉండిపోతుంది. బండి నీడలో ఉండాలి. కాయలు చేత్తో కాకుండా స్క్వీజరుతో పిండాలి. పిండిన చేతిని ఉత్త నీళ్ళతో కాదు, సబ్బుతో కడిగాకే ఎండలోకి పెట్టాలి, నూనె నీళ్ళకి పోదు. పొడుగు చేతుల చొక్కా మేలు. బొబ్బలు చిదపకుండా చర్మం డాక్టరుకి చూపించండి, ఫలానా పని చేస్తానని చెప్పమనండి. మొహానికి నిమ్మచెక్క రుద్దుకుని కాలేజీకి బయల్దేరే ఆడపిల్లలకి కూడా ఈ జవాబు వర్తిస్తుంది.

ప్రశ్న: తెనాలి దగ్గర మాకు నిమ్మతోట ఉంది. వేసవిలో కాయకి రేటు పలుకుతుంది, వానలు పడ్డాక బస్తా కోత కూలికి కూడా రాదు. అప్పుడు రసం తీసి దాచే దారి ఉందా? ఇంట్లో పిండి ఫ్రిజ్‌లో పెడితే మర్నాటికి చేదెక్కింది.
– ఒక నిమ్మ రైతు

జవాబు: ముందు చేదు సంగతి. గింజల్లో, లోపలి తెల్లటి పొరల్లో చేదు లేని ఒక పదార్థం ఉంటుంది. కాయ కోసి పిండగానే అది పుల్లటి రసంలో కలిసి, కొన్ని గంటల్లో లిమోనిన్‌గా మారుతుంది. లిమోనిన్ కటిక చేదు. ఫ్రిజ్ దాన్ని ఆపలేదు. అందుకని చివరి చుక్క దాకా పిప్పి చేయకండి, గింజ నలగనివ్వకండి, పిండిన వెంటనే వడకట్టండి. ఇంటి మట్టుకైతే ఐసు ట్రేలో పోసి గడ్డ కట్టించేయడమే ఉత్తమం.

వ్యాపారానికైతే లోకం పట్టిన దార్లు నాలుగున్నాయి. పాత కైరో దారి పంచదార. 1867లో లాక్లన్ రోజ్ అనే స్కాట్లండ్ వ్యాపారి, సారాయి కలపకుండా పంచదారతో రసం నిలవ చేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. అదే సంవత్సరం బ్రిటన్ సరుకు ఓడల వాళ్ళు నావికులకి నిమ్మరసం పోసి తీరాలని చట్టం వచ్చింది. ఆయన దశ తిరగక ఏమవుతుంది! మన దగ్గర స్క్వాష్ అని అమ్మాలంటే కనీసం 25 శాతం రసం ఉండాలి. పంచదార, సీసా, లైసెన్సు ఖర్చులు కలిపి లెక్క వేసుకోండి.

రెండోది ఉప్పు. వియత్నాంలో కాయల్ని ఉప్పులో ఊరేసి ఎండలో పెట్టి మాగనిస్తారు. తర్వాత ఒక ముక్క గ్లాసులో చిదిపి పంచదార, సోడా పోసి ఇస్తారు. మన నిమ్మకాయ ఊరగాయలో కారం వెయ్యకపోతే అదే. మూడోది గ్యాసు, దాని గురించి పైన సరిపోయినంత చెప్పాను.

నాలుగోది ఎండబెట్టడం. ఒమన్‌లో కాయల్ని ఉప్పునీళ్ళల్లో ఉడకబెట్టి, లోపల నల్లబడి గుల్లయ్యే దాకా ఎండేస్తారు. దాన్ని పగలగొట్టి మరిగించి ఇరాక్‌లో టీలా తాగుతారు, ఇరాన్‌లో మాంసం కూరల్లో వేస్తారు. గల్ఫ్ వెళ్ళొచ్చిన వాళ్ళని అడగండి, ఆ వాసన మరిచిపోరు. పంచదారా సీసా ఖర్చూ లేనిది ఇదొక్కటే కనక మీరు ముందు దీన్నే ఆలోచించాలని నా సలహా. మనకి ఎండకి కొదవ లేదు, కానీ కాయ చవకయ్యేది మబ్బు పట్టిన నెలల్లో. డ్రైయరు లేకపోతే బూజే మిగులుతుంది. నలుగురు రైతులు కలిస్తే తప్ప అది గిట్టదు.

ప్రశ్న: రాత్రే రాగి చెంబులో నీళ్ళు, నిమ్మరసం, తేనె కలిపి పెట్టుకుని పరగడుపున తాగితే కొవ్వు కరుగుతుందట కదా?
– గవర్నర్‌పేట

జవాబు: కరగదు. కరిగేది రాగి. పులుపు రాత్రంతా రాగితో కాపురం చేస్తే పొద్దున్నే కడుపులో వికారం, వాంతులు. పైగా రాగి తగిలితే విటమిన్ సీ త్వరగా పాడవుతుంది. ఇంగ్లండ్ నౌకాదళానికి ఈ పాఠం బాగా తెలుసు. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ డాక్టరు నారింజలు, లెమన్లు తినిపిస్తే విటమిన్ సీ లోపంతో వచ్చే స్కర్వీ జబ్బు తగ్గుతుందని పన్నెండు మంది రోగుల మీద తేల్చాడు. 1795 నుంచి రసం పోసి ఆ జబ్బు వదిలించుకున్నారు. తర్వాత మధ్యధరా లెమన్లు మాని వెస్టిండీస్ నిమ్మకి మారారు. అందులో విటమినే తక్కువ, రాగి గొట్టాల్లో పారించి, నిలవ పెట్టడంలో ఉన్నదీ పోయింది. 1875లో ఉత్తర ధ్రువం వైపు వెళ్ళిన నేర్స్ బృందం ఆ రసం తాగుతూనే స్కర్వీతో మంచం పట్టింది. మీరు స్టీలు గ్లాసులో అప్పటికప్పుడు కలుపుకోండి. తాగాక నోరు పుక్కిలించండి, వెంటనే బ్రష్ చెయ్యకండి, పంటి పింగాణీ అరుగుతుంది.

ప్రశ్న: హాస్టల్లో మిక్సీ ఉంది, నిమ్మకాయలున్నాయి. వేరే దేశాల వాళ్ళు తాగేవాటిల్లో మేం చేసుకోగలిగింది చెప్పండి మేడమ్.
– బీటెక్ కుర్రాళ్ళు, గుంటూరు

జవాబు: బ్రెజిల్ వాళ్ళది చెయ్యండి నాయనా. నిమ్మకాయల్ని కడిగి, గింజలు తీసి, తొక్కతో సహా ముక్కలు కోసి, నీళ్ళు, ఐసు, కండెన్స్‌డ్ మిల్క్ వేసి మిక్సీని కొన్ని క్షణాలే తిప్పాలి. వెంటనే వడకట్టి వెంటనే తాగాలి. కబుర్లు చెప్పుకుంటూ కూర్చుంటే పైన చెప్పిన లిమోనిన్ వచ్చేస్తుంది. దాని పేరు స్విస్ లెమనేడ్, తాగేది బ్రెజిల్లో. కొలంబియా సముద్రతీరంలో కండెన్స్‌డ్ మిల్క్ బదులు కొబ్బరిపాలు పోస్తారు. నాకు నచ్చింది అదే, కొబ్బరికి మనమేం తక్కువ తిన్నాం!

మెక్సికోలో చియా గింజలు నానబెట్టి వేస్తారు. మీరు సబ్జా వేసుకోండి, చెట్టు వేరైనా గొంతు దిగే తీరు ఒకటే. లెబనాన్‌లో బత్రూన్ అనే రేవు పట్నం లెమనేడ్‌కి పేరుపడ్డది. అక్కడ రసం కంటే ముందు తొక్కని పంచదారతో నలిపి, నూనె అంతా పంచదారకి పట్టిస్తారు. వాసనంతా తొక్కలోనే ఉందని వాళ్ళకి తెలుసు. మన బండ్ల వాళ్ళు చెక్కని పిండి బకెట్లో పారేస్తారు. వెనిజులాలో బెల్లం నీళ్ళల్లో నిమ్మకాయ పిండుకుంటారు. ఇది చదివినప్పుడు మాత్రం నాకు మంగళగిరి గుర్తొచ్చింది. కొండ మీద పానకాల స్వామి నోట్లో బెల్లం పానకం పోస్తే సగం తాగి సగం ప్రసాదంగా వదిలేస్తాడని కదా మన నమ్మకం. శ్రీరామనవమి పానకంలో మిరియాలు, యాలకులతో పాటు ఒక నిమ్మచెక్క పిండి చూడండి. మీ హాస్టలుకి స్వామి కొండ దగ్గరే.

ప్రశ్న: మా బాబుకి విరేచనాలు పట్టుకుంటే నిమ్మకాయ షర్బత్ ఇవ్వొచ్చా?
– చుట్టుగుంట

జవాబు: షర్బత్ వద్దు. చక్కెర ఎక్కువైతే విరేచనాలు ఇంకా పెరుగుతాయి. మందుల షాపులో ఓఆర్ఎస్ ప్యాకెట్టు తెచ్చి, దాని మీద రాసినన్ని నీళ్ళల్లోనే కలపండి. అర్ధరాత్రి దొరక్కపోతే లీటరు మంచినీళ్ళకి ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, చెంచాలు తలకొట్టి. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా ప్రబలినప్పుడు దిలీప్ మహలనబిస్ డాక్టరు గారు ఉప్పూ గ్లూకోజూ కలిపిన ఇలాంటి నీళ్ళతోనే వేలమందిని కాపాడారు. మూత్రం తగ్గినా, బాబు మగతగా ఉన్నా ఆస్పత్రికి పరిగెత్తండి, నాకు ఉత్తరం రాస్తూ కూర్చోకండి.

ప్రశ్న: ఉప్పు సోడా కలిపితే సగం నురగై పొంగిపోతోంది. ఇంట్లో సరిగ్గా కలపడం ఎలా?
– కొత్తపేట, గుంటూరు

జవాబు: సోడాలో ఉప్పు వేస్తున్నారన్నమాట. ఒక్కో ఉప్పు పలుకు చుట్టూ గ్యాసు బుడగలు కట్టి ఎగదన్నుకొస్తాయి. వరస మార్చండి. గ్లాసులో కాయ పిండి, అందులో ఉప్పు పూర్తిగా కరగనివ్వండి. ఐసు వేయండి. చల్లటి సోడాని గ్లాసు గోడ వెంట నెమ్మదిగా పోయండి, చెంచా పెట్టి తిప్పకండి. పంచదార అడిగిన వాళ్ళకి పాకం విడిగా ఇవ్వండి, వాళ్ళ పాపం వాళ్ళది.

వచ్చే నెల నన్నారి షర్బత్. బజార్లో అమ్మే వేళ్ళు అసలైనవో కావో ఎలా పోల్చుకోవాలని ఇప్పటికే కొందరు అడిగారు. మిగతావాళ్ళు కూడా రాయండి.